మాలగా ప్రయాణం గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

ఈస్టర్ సెలవుల్లో స్నేహితులతో కలిసి స్పెయిన్‌లోని మాలగాకు మూడు రోజులు వెళ్లి రావాలనుకుంటున్నాననీ, ఇంగ్లండులో మీకు దగ్గరగా ఉన్న ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయం నుంచి టికెట్టు చాలా చవకగా దొరుకుతోందనీ, వెంటనే కొనేయనా అనీ రాశావు. ఊరి ఎంపిక బాగుంది. అయితే ఈ ప్రయాణంలో అన్నిటికంటే చిన్న ఖర్చు టికెట్టే కనుక, దాన్ని పట్టుకుని మిగతావన్నీ నిర్ణయించుకోవడం తలకిందుల వ్యవహారం అవుతుంది.

ముందు వీసా సంగతి చూడు. నీ స్నేహితుల్లో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు బ్యాగు సర్దుకుని బయలుదేరగలరు గానీ, నీది భారతీయ పాస్‌పోర్టు కాబట్టి ఇక్కడి బ్రిటన్ స్టూడెంట్ వీసా స్పెయిన్‌లో పనికిరాదు. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా తీసుకోవలసిందే. దాని రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. దాని మీద దరఖాస్తు కేంద్రం వారి సర్వీసు చార్జీ, వేలిముద్రలు ఇచ్చి రావడానికి రైలు ఖర్చు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా వేసుకుంటే టికెట్టు ధర ఎక్కడో అడుగున పడిపోతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు చేసుకోవచ్చని నియమం ఉన్నా, సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. నీ చిరునామా ఏ కాన్సులేటు పరిధిలోకి వస్తుందో చూసుకుని, ఈ వారమే తేదీ కోసం ప్రయత్నించు. పాస్‌పోర్టు గడువు నీవు స్పెయిన్ వదిలే రోజు తరువాత కనీసం మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. యూనివర్సిటీ ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకో.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వీసాకు ప్రయాణ వివరాలు చూపించాలి. చవక టికెట్టు ఒకసారి కొంటే డబ్బు వెనక్కి రాదు. అపాయింట్‌మెంట్ తేదీ చేతికొచ్చిన తరువాతే టికెట్టు కొను. అది కూడా చేతిసంచి ఒక్కటే ఉండే మూల ధరకే కొను. సీటు, పెద్ద బ్యాగు వంటివి వీసా వచ్చాక కూడా చేర్చుకోవచ్చు. బస మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే చూడు. వీసా రాకపోతే పోయేది ఆ చిన్న మొత్తమే అవుతుంది.

తేదీల విషయంలో నా మాట విను. ఈస్టర్‌కు ముందు వారమంతా మాలగాలో పెద్ద పెద్ద ఊరేగింపులు జరుగుతాయి. అవి చూడదగ్గవే గానీ గదుల అద్దెలు చుక్కలంటుతాయి. మీ సెలవులు ఈస్టర్ దాటాక కూడా ఉంటే ఆ చివరి రోజుల్లో, అందులోనూ ఆదివారం కలిసేలా వెళ్లు. ఎండ హాయిగా ఉంటుంది, సముద్రం మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది కనుక ఈత మీద ఆశ పెట్టుకోకు.

లండన్ పేరు తగిలించుకున్న దూరపు విమానాశ్రయాల టికెట్టు ఇంకో పది పౌండ్లు తక్కువని ఎవరైనా చెబితే మోసపోకు. మీ లెస్టర్ ఊరి నుంచి ఈస్ట్ మిడ్‌లాండ్స్‌కు స్కైలింక్ బస్సు రాత్రంతా నడుస్తుంది; తెల్లవారుజామున విమానం ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? చెక్-ఇన్ ముందే ఆన్‌లైన్‌లో చేసుకో, లేకపోతే కౌంటర్ దగ్గర టికెట్టు కంటే ఎక్కువ వసూలు చేసే సంస్థలున్నాయి. రయానేర్ విమాన సంస్థ అయితే 2025 నవంబరు నుంచి కాగితం బోర్డింగ్ పాస్‌ను మానేసింది, ఫోన్‌లోనే చూపించాలి. అందుచేత ఫోను చార్జింగు చూసుకో. ఉచిత సంచి కొలత రయానేర్‌లో 40×30×20 సెంటీమీటర్లు, ఈజీజెట్‌లో 45×36×20. వీసా పరిశీలన కోసం నిన్ను ప్రత్యేకంగా కౌంటర్‌కు పంపవచ్చు, స్నేహితులకంటే ముప్పావు గంట ముందు చేరుకో. బ్రిటన్ వీసా వివరాలుండే నీ ఆన్‌లైన్ ఈ-వీసా ఖాతాలో ఇప్పటి పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో కూడా ఒకసారి చూసుకో. తిరిగి వచ్చేటప్పుడు అదే ముఖ్యం.

తిండి విషయం మీ అమ్మకు కూడా చెప్పు. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. అంటే నెయ్యి సీసా, పెరుగన్నం, పాలకోవా ఏవీ కుదరవు. పులిహోర కట్టుకో. పచ్చడి మాత్రం భద్రతా తనిఖీలో ద్రవపదార్థం లెక్కలోకి వస్తుంది కాబట్టి 100 మిల్లీలీటర్లకు మించని చిన్న డబ్బాలో పెట్టుకో.

మాలగాలో దిగాక టాక్సీ అక్కర్లేదు. విమానాశ్రయం నుంచే సెర్కానియాస్ అనే లోకల్ రైళ్లలో సీ1 రైలు సుమారు పన్నెండు నిమిషాల్లో ఊరి నడిబొడ్డున ఉన్న అలమేదా స్టేషనుకు చేరుస్తుంది. అదే రైలు ఎదురు దిశలో ఫుయెన్‌హిరోలా అనే ఊరికి కూడా వెళుతుంది కనుక బోర్డు చూసి ఎక్కు. అలమేదా చుట్టుపక్కలే గది తీసుకుంటే రేవు, మలగేతా బీచి, పాత బజారు అన్నీ నడకలోనే ఉంటాయి. అరబ్బుల కాలపు అల్కసాబా కోటకు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల తరువాత ప్రవేశం ఉచితం. దాని పాదం దగ్గరే 1951లో బయటపడిన రోమన్ నాటకశాల ఉంది. చిత్రకారుడు పికాసో 1881లో పుట్టింది ఈ ఊళ్లోనే. అతని మ్యూజియంలోకి ఆదివారం చివరి రెండు గంటలూ డబ్బు లేకుండానే పోనిస్తారు. అతరాసానాస్ మార్కెట్‌ను మాత్రం శనివారం ఉదయమే చూడు, ఆదివారం మూసి ఉంటుంది.

మాలగాలోనే ఉన్న పెద్రెగలేఖో సముద్రపు ఒడ్డున ఇసుక నింపిన పడవల్లో నిప్పులు వేసి, పుల్లలకు గుచ్చిన సార్డిన్ చేపలు కాలుస్తారు. నీవు శాకాహారివి కనుక బెరెన్‌హేనాస్ అడుగు. వేయించిన వంకాయ మీద చెరకు పానకం పోసి ఇస్తారు, మన వంకాయ బజ్జీని బెల్లంతో తిన్నట్టుంటుంది. రాత్రి భోజనం ఎనిమిదిన్నర లోపు ఆశించకు. కార్డుతో చెల్లించేటప్పుడు మిషను పౌండ్లా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కు.

వెళ్లే విమానం మూడు గంటలకు మించి ఆలస్యంగా చేరి, కారణం వాతావరణం వంటిది కాకపోతే ఆ దూరానికి 350 పౌండ్ల పరిహారం అడిగే హక్కు నీకుంది. బోర్డింగ్ పాస్ తుడిచెయ్యకుండా ఉంచు. అపాయింట్‌మెంట్ దొరికాక దరఖాస్తు పత్రం నాకు పంపించు, ఒకసారి చదివి చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య