కంపెనీ మన డేటా లీక్ చేస్తే పడే 250 కోట్ల ఫైన్‌లో మనకేమైనా వస్తుందా?

రాదండీ, ఒక్క రూపాయి కూడా రాదు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా అని ఉన్న మాట నిజమే, పేపర్లన్నీ అదే హెడ్డింగ్ పెట్టాయి, కానీ 34వ సెక్షన్ చదవండి, ఆ డబ్బంతా పోయేది కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి. పోయింది మన డేటా, డబ్బులేమో వాళ్ళ ఖజానాకి!

ఇంకా కడుపు మండే విషయం ఏందంటే, పాత ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టంలో 43ఏ సెక్షన్ అని ఒకటుంది, కంపెనీ అజాగ్రత్త వల్ల నష్టపోయినోళ్ళకి పరిహారం ఇవ్వాలని, కొత్త చట్టం 44వ సెక్షన్‌తో దాన్నే తీసేస్తున్నారు. పైగా తప్పుడు కంప్లైంట్ ఇస్తే మనకే 10,000 దాకా ఫైన్. ప్రభుత్వ సంస్థలకైతే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి మొత్తానికే మినహాయింపు ఇచ్చేయొచ్చు, ఇంక అడిగేదెవరు?

మా తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో మా మామయ్య రూమ్ తీసుకుంటే ఆధార్ జిరాక్స్ అడిగారు, ఇచ్చినాడు, కౌంటర్ కింద అట్టపెట్టెలో అట్లాంటివి ఎన్నో పడున్నాయి, ఫోన్ నంబర్లు పెన్నుతో రాసి, మూత కూడా లేదు. ఎవరు తీసుకుపోయినా అడిగే దిక్కులేదు. ఇట్లాంటి చోట్లకి ఈ చట్టం కింద జరిమానాలు వేసే డేటా ప్రొటెక్షన్ బోర్డు వస్తాదని ఎట్లా నమ్మాల?

నా మాట విని ఉడాయ్ (ఆధార్ ఇచ్చే సంస్థ, UIDAI) సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి, చివరి 4 అంకెలే కనపడతాయి, లాడ్జీల్లో అదే ఇవ్వండి.