ఇన్ని పనులు చేసినా ఏదీ నాది కాలేదా?

ప్రశ్న: నా వయసు 48 సంవత్సరాలు. మొదట ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. గొంతుకు శస్త్రచికిత్స జరిగి మాట్లాడలేని రోగులు నొప్పి ఎక్కడుందో వేలితో చూపించడానికి వీలుగా అట్టముక్క మీద మనిషి బొమ్మ గీసి ఇచ్చేదాన్ని. తర్వాత వినికిడి లోపం ఉన్న పిల్లల బడిలో ఉపాధ్యాయురాలిగా చేరాను. అక్కడ పాఠాలకు వేసిన బొమ్మలు చూసి ఒక ప్రచురణకర్త అడగడంతో, బడి మానేసి కొన్నేళ్లు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాను. ఇప్పుడు మతిమరుపు వ్యాధి వచ్చిన వృద్ధులను చూసుకునే సంస్థలో ఉన్నాను. నాతో చదువుకున్నవారు ఒకే దారిలో సాగి మంచి హోదాల్లో ఉన్నారు. ‘నిలకడ లేని మనిషి’ అన్న మాట ఇంట్లోనే ఎన్నోసార్లు విన్నాను. ప్రతి పనీ ఇష్టంగానే చేశాను కానీ, అన్నీ కలిపి చూసుకుంటే చేతిలో ఏమీ మిగల్లేదనిపిస్తోంది. ఈ ఉద్యోగం కూడా వదిలేసి పూర్తిగా చిత్రలేఖనానికే కూర్చుంటే తృప్తి దొరుకుతుందంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉద్యోగాల పేర్లను కాసేపు పక్కన పెట్టి, వాటిలో మీరు రోజూ ఏం చేశారన్నదే చూద్దాం. మాట్లాడలేని రోగి, మాట వినపడని బిడ్డ, మాట మరిచిపోతున్న వృద్ధుడు: ముగ్గురి దగ్గరా మీరు చేసింది, మాట పనిచేయని చోట మరో దారి వెతకడమే. ఆ దారి మీకు ఎక్కువసార్లు బొమ్మ రూపంలో దొరికింది. ఆసుపత్రిలో అట్టముక్క మీద గీసిన మనిషి బొమ్మే మీ మొదటి పుస్తక చిత్రమని నేనంటాను. బయటివారికి నాలుగు ఉద్యోగాలుగా కనిపిస్తున్నది నిజానికి ఒకే పని. దాన్ని మీరు నాలుగు చోట్ల చేశారు.

పని మీద మనిషికి కలిగే తృప్తిని పరిశోధించినవారిలో ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు ఉన్నారు. 2001లో ప్రచురించిన వ్యాసంలో వారు ఆసుపత్రి పారిశుధ్య సిబ్బంది గురించి రాశారు. ఒకే ఆసుపత్రిలో, ఒకే రకమైన పని చేస్తున్నవారిలో కొందరు తమది తుడిచి కడిగే పని మాత్రమేననుకున్నారు. మరికొందరు రోగి కోలుకోవడంలో తమకూ భాగం ఉందని నమ్మి, ఎవరూ చెప్పని పనులు తామే కల్పించుకున్నారు. స్పృహ లేని రోగుల గదుల్లో గోడ మీది పటాలను అప్పుడప్పుడు మార్చే ఉద్యోగిని సంగతి ఆ పరిశోధన నుంచి వచ్చిందే. ఆ మార్పు వల్ల రోగికి ఏ కాస్త మేలైనా జరగవచ్చన్నది ఆమె ఆశ. సేవ, సృజన వేర్వేరు అరల్లో ఉండనవసరం లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మీరూ ఒక కాగితం తీసుకుని, ప్రతి ఉద్యోగంలో మిమ్మల్ని ఎవరూ అడగకుండానే చేసిన పనులు ఏమిటో రాయండి. జీతం కోసం చేసినవి వద్దు. మీకు తృప్తి ఎక్కడ దొరికిందో ఆ కాగితం చెబుతుంది.

అయితే మీ ఇంట్లోవారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. ఉద్యోగం మారిన ప్రతిసారీ సీనియారిటీ పోతుంది, పదవీ విరమణ నాటికి కూడబెట్టే మొత్తం తగ్గుతుంది, కొత్త చోట మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇది నిజమైన నష్టమే. ‘మనసుకు నచ్చింది చేశాను కదా’ అన్నంత మాత్రాన పూడేది కాదు. అలాగే, ఏదో ఒకటి ఆకర్షించి మారడం వేరు, పని కష్టమవగానే పారిపోవడం వేరు. మీ ఉత్తరంలో నాకు రెండోది కనిపించలేదు కానీ, ఆ తేడా తేల్చుకోగలిగింది మీరే.

దారి మార్చుకున్నవారిలో ఆల్బర్ట్ ష్వైట్జర్ ఉన్నాడు. ముప్పై ఏళ్లు వచ్చేసరికే క్రైస్తవ వేదాంతవేత్తగా, చేతులతో పాటు కాళ్లతోనూ వాయించే ఆర్గన్ అనే వాద్యంలో నిపుణుడిగా పేరు తెచ్చుకున్న ఆయన, 1905లో వైద్యవిద్యలో చేరి, 1913లో ఇప్పటి గాబన్ దేశంలోని లాంబరేనేకు వెళ్లి ఆసుపత్రి పెట్టాడు. ఆఫ్రికన్ల పట్ల ఆయనది పెద్దరికం చూపే ధోరణి అన్న విమర్శ ఉంది, అందులో సత్యం ఉంది. ఇక్కడ మనకు కావలసిన విషయం మాత్రం వేరు. వైద్యుడైనా ఆయన సంగీతాన్ని వదల్లేదు. కాళ్లతో వాయించే మెట్లు అమర్చిన పియానో ఒకటి అక్కడికి తెప్పించుకుని సాధన చేశాడు. యూరప్‌కు తిరిగి వచ్చినప్పుడు కచేరీలు చేసి ఆసుపత్రికి నిధులు సమకూర్చాడు. ఆయన పాత పని కొత్త పనికి పెట్టుబడి అయింది.

ఇక ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న. నా సలహా, మానవద్దు. వీలైతే పని గంటలు తగ్గించుకోండి. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వవేత్త, విద్యార్థులు సరదాగా విప్పే పజిళ్లకు కొంతకాలం డబ్బు ఇచ్చి, ఆపైన ఆపేస్తే ఖాళీ సమయంలో వాటి మీద వారికి ఆసక్తి తగ్గిందని గమనించాడు. ఈ ఫలితం అన్ని సందర్భాలకూ వర్తిస్తుందా అన్నదాని మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. అయినా ఇంటి అద్దె భారమంతా కుంచె మీద పడితే, వేయాలనుకున్న బొమ్మ కంటే అమ్ముడుపోయే బొమ్మే ముందుకు వస్తుందనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మీ ఉత్తరంలో లేని ఒక విషయం కూడా చెప్పాలి. మీరు వేసిన ప్రతి బొమ్మా ఎవరికో ఉపయోగపడటానికే వేశారు. కేవలం మీ కోసం వేసిన బొమ్మ ఒక్కటీ మీ మాటల్లో కనిపించలేదు. సేవారంగంలో ఏళ్ల తరబడి ఉన్నవారికి, తమకోసం ఏదైనా చేసుకుంటే తప్పు చేసినట్టు అనిపించడం మామూలే. మీకు మిగల్లేదనిపిస్తున్నది బహుశా ఇదే. వారంలో ఒక పూట, ఎవరికీ చూపించనవసరం లేని, ఏ పాఠానికీ పనికిరాని బొమ్మ వేయండి. అది బాగా రాకపోయినా సరే.

ప్రశ్న: నేను ఫిజియోథెరపిస్టును, కథలు రాస్తాను. రోజంతా రోగులతో గడిపి ఇంటికి వచ్చాక ఒక్క వాక్యం కూడా రావడం లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టానా?
– మరో పాఠకుడు

జవాబు: రాయలేని కాలాలు రెండు వృత్తులున్న ప్రతివారికీ వస్తాయి. వైద్యుడైన రష్యన్ కథకుడు చెహోవ్ 1892లో కలరా భయం వ్యాపించినప్పుడు, జీతం తీసుకోకుండా చుట్టుపక్కల గ్రామాల బాధ్యత భుజాన వేసుకుని, సాహిత్యం గురించి ఆలోచించే తీరికే లేదని ఉత్తరాల్లో వాపోయాడు. అలాంటి రోజుల్లో కథ రాయాలని పట్టుబట్టకండి. ఆ రోజు రోగి అన్న ఒక మాటో, నడవడానికి మొదటి అడుగు వేసేటప్పుడు అతని చేయి దేన్ని పట్టుకుందో, ఒక్క పంక్తి రాసి పెట్టుకుంటే చాలు. రోగిని గుర్తుపట్టే వివరాలు మాత్రం అందులో ఉండకూడదు.

అయితే అలసట వేరు, బర్నౌట్ వేరు. దాన్ని కొలవడానికి క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన ప్రశ్నావళి మూడు లక్షణాలను చూస్తుంది: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషిని వస్తువులా చూడటం, తాను చేస్తున్నది దండగ అనిపించడం. సెలవు తీసుకుని విశ్రాంతి పొందాక కూడా రోగుల మీద విసుగు తగ్గకపోతే, కథల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు రోజుకు ఎంతమంది రోగులను చూడగలరో పై అధికారితో మాట్లాడి తేల్చుకోండి. అప్పటికీ మార్పు లేకపోతే మానసిక వైద్యులను సంప్రదించండి.