టైటిల్ సాంగ్ వినగానే వచ్చేది జ్ఞాపకమా, జ్ఞప్తియా?

సందేహం: చిన్నప్పుడు టీవీలో చూసిన ఒక ధారావాహిక గురించి రాస్తూ "ఆ టైటిల్ సాంగ్ వినగానే ఆ రోజులన్నీ జ్ఞాపకం వస్తాయి" అన్నాను. "జ్ఞాపకం వస్తాయి" అనడం దోషమనీ, "జ్ఞప్తికి వస్తాయి" అనాలనీ, టైటిల్ సాంగ్‌ను "శీర్షికాగీతం"గా మార్చాలనీ ఒక మిత్రుడు దిద్దారు. ఈ సవరణలు అవసరమా?

సమాధానం: మొదటి సవరణ అవసరం లేదు. జ్ఞాపకం, జ్ఞప్తి అనే రెండు మాటలకూ మూలం "తెలియు" అనే అర్థం గల "జ్ఞా" ధాతువే. సంస్కృతంలో జ్ఞాపకమంటే తెలియజేసేది, సూచించేది. పాణిని సూత్రంలోని ఒక ప్రయోగాన్ని బట్టి, ఆయన విడిగా చెప్పని నియమాన్ని ఊహించవలసి వచ్చినప్పుడు వ్యాఖ్యాతలు ఆ ఆధారాన్ని "జ్ఞాపకం" అనే వ్యవహరిస్తారు. జ్ఞప్తి అంటే తెలియడం, ఎరుక. గడిచినదాన్ని తలచుకోవడానికి ఆ భాషలో స్మృతి, స్మరణ అనే వేరే మాటలున్నాయి. కాబట్టి మూలార్థమే ప్రమాణమనుకుంటే మీ మాటతోపాటు మీ మిత్రుని మాట కూడా తప్పవుతుంది. తెలుగువారి వాడుక ప్రమాణమనుకుంటే రెండూ ఒప్పవుతాయి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నాటికే జ్ఞాపకానికి మనం నేడు చెప్పుకునే అర్థం స్థిరపడింది.

అయితే మీరు ఎత్తుకున్న విషయానికి ఆ పాత అర్థం ఎంతగా అతుకుతుందో చూడండి. ధారావాహిక కథ మరచిపోయినా, పాత్రల పేర్లు చెరిగిపోయినా, పాట మొదటి స్వరాలు చెవిన పడగానే ఆనాటి గది, పక్కన కూర్చున్నవారు, సగంలో వదిలి వచ్చిన ఆట కళ్లముందు నిలుస్తాయి. అంటే ఆ పాట సంస్కృతార్థంలో జ్ఞాపకం, అది సూచించిన రోజులు తెలుగు అర్థంలో జ్ఞాపకం. అచ్చతెలుగు మాటలోనూ ఇదే జంట కనిపిస్తుంది. "గుర్తు" అంటే చిహ్నం. "గుర్తుకు వచ్చింది" అన్నప్పుడు అదే మాట స్మృతి. పూర్వం శకటరేఫతో "గుఱుతు" అని రాసిన ఈ మాట "గుఱి"కి చుట్టం. తమిళంలోని "కుఱి" కూడా చిహ్నమే. ఆనవాలుకూ తలపుకూ ఒకే పేరు పెట్టుకున్న ఈ చూపు నాకు ఎంతో ఇష్టం.

మీ వాక్యంలో నేను మెచ్చుకునేది "వస్తాయి" అనే క్రియను. "నేను గుర్తు చేసుకున్నాను" అంటే అందులో నా ప్రయత్నం ఉంది. "నాకు గుర్తుకు వచ్చింది" అంటే పని నాది కాదు. పిలవకుండానే ఏదో నా దగ్గరకు వచ్చింది, అందుకే "నేను" పోయి "నాకు" అనే రూపం నిలిచింది. పాట విన్నప్పుడు జరిగేది ఈ రెండోదే. ఇటీవల తరచుగా కనిపిస్తున్న "ఆ పాట జ్ఞాపకాలను తిరిగి తీసుకొస్తుంది" అనే వాక్యం వ్యాకరణానికి లొంగినా, పరభాషా వాక్యానికి తొడిగిన తెలుగు చొక్కాలా ఉంటుంది. "ఆ పాట వింటే ఆ రోజులు గుర్తుకు వస్తాయి" అన్నది మన వాక్యం.

ఇక రెండో సవరణ. "శీర్షికాగీతం" సమాసంగా నిర్దుష్టమే. కానీ శీర్షిక అనగానే పాఠకుడికి వ్యాసం పేరో, పత్రికలో వారంవారం వచ్చే రచనో తోస్తుంది తప్ప పాట తోచదు. "ఇతివృత్తగీతం" అనేవారూ ఉన్నారు. ఆ పాటలన్నీ ఇతివృత్తాన్ని చెప్పవు కనుక అదీ పూర్తిగా పొసగదు. "పేర్లు పడేటప్పుడు వచ్చే పాట" అని ఇళ్లలో చెప్పుకునే తీరే వీటికంటే స్పష్టంగా ఉంది.

పారిభాషిక పదమే కావాలంటే మన రంగస్థలం వైపు చూడాలి. భరతుని నాట్యశాస్త్రం నాటకంలో పాడే పాటలను "ధ్రువ"లని పిలిచి ఐదు రకాలుగా చెప్పింది. వాటిలో పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడేది ప్రావేశికి. ఆ ధ్రువే తెలుగు నోట "దరువు" అయింది. కూచిపూడి కళాకారులు దాన్ని నేటికీ "ప్రవేశదరువు" అంటారు. భామాకలాపంలో సత్యభామ తానెవరో చెప్పుకుంటూ వచ్చే పాట అటువంటిదే. టీవీలో పాత్రకు బదులు కథే తెర మీదికి వస్తుంది. కథ రాబోతున్నదని చెప్పి చూసేవారిని కుదురుగా కూర్చోబెట్టే పని మాత్రం రెండింటిదీ ఒకటే. అందువల్ల "ప్రవేశగీతం" అన్న మాటను నేను సూచిస్తాను. అది వాడుకలోకి వచ్చేవరకు మీ వ్యాసంలో "టైటిల్ సాంగ్" అనే ఉంచండి. "జ్ఞాపకం వస్తాయి" అన్నదాన్ని మాత్రం కదపకండి.