యూనిసైకిల్ సాధనకు ఎలాంటి తోడు కావాలి

ప్రశ్న ఇది: “ఏడాదిగా ఒంటరిగా యూనిసైకిల్, అంటే ఒంటి చక్రపు సైకిల్, తొక్కుతున్నాను. తిన్నగా వెళ్లడం, మలుపు తిరగడం వచ్చాయి. ఇకపై కాలక్షేపంగా కాకుండా పట్టుదలగా సాధన చేయాలని ఉంది. అంత ఇష్టంతో తొక్కే బృందం ఎలా దొరుకుతుంది?”

తప్పకుండా దొరుకుతుంది. అయితే మనలో చాలామంది వెతికే తీరులోనే పొరపాటు ఉంది. యూనిసైకిల్ సంఘం అని బోర్డు కట్టిన చోటు కోసం, పాతికమంది ఒకేసారి చక్రాలెక్కి తిరిగే మైదానం కోసం వెతుకుతాం. అది కనబడకపోతే ఇక ఎవరూ లేరని నిశ్చయించుకుని మళ్లీ గోడ పట్టుకుని ఒంటరిగా తొక్కుకుంటాం. నా మట్టుకు నాకు తెలిసింది ఏమిటంటే, పట్టుదలగా సాధన చేయడానికి పాతికమంది అక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఒకే చోటికి, ఒకే వేళకు తప్పకుండా వచ్చే ముగ్గురు చాలు. కాకపోతే ఆ ముగ్గురిలో ఒక్కరైనా మీరు ఎలా పడుతున్నారో కన్నార్పకుండా చూసేవారై ఉండాలి. ఆ ఒక్కరు లేనప్పుడు ఏం జరుగుతుందో నేను ఎనిమిది నెలలు అనుభవించాను.

ఆ ఎనిమిది నెలలూ నేను రోజూ పొద్దున్నే తొక్కేవాణ్ణి. గోడ పట్టుకుని ఎక్కితే నూరు మీటర్లదాకా పడకుండా వెళ్లగలిగేవాణ్ణి గానీ, ఏ ఆధారమూ లేకుండా నేల మీద నుంచి ఎక్కడం మాత్రం ఒక్కసారి కూడా కుదరలేదు. దానికి తోడు పెడల్ ఒకటి ఎప్పుడూ వదులైపోతూ ఉండేది. బయలుదేరే ముందు పానాతో బిగించడం, అరగంట తిరగకముందే అది మళ్లీ కటకటలాడడం, దిగి మళ్లీ బిగించడం. చక్రాన్ని నాకు అమర్చి ఇచ్చిన దుకాణంలో అడిగితే కొత్తలో అలాగే ఉంటుందని, వాడగా వాడగా సర్దుకుంటుందని చెప్పారు. నేను నమ్మాను, ఎందుకంటే అడగడానికి నాకు మరొకరు లేరు.

చివరికి నన్ను ఒక పరిచయస్థుడు జగ్లింగ్ చేసేవారు సాయంత్రాలు చేరే ఒక పెద్ద హాలుకు తీసుకువెళ్లాడు. బంతులు, కర్రలు ఎగరేసేవారి మధ్య ఒక మూలన ముగ్గురు యూనిసైకిళ్ల మీద ఉన్నారు. వారిలో యాభై ఏళ్లు దాటిన ఒకావిడ, ఉన్నచోటనే చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ, గడియారపు లోలకంలా నిలబడి, పక్కవారితో మాట్లాడుతోంది. నన్ను తొక్కమన్నారు. గోడ పట్టుకుని ఎక్కి హాలు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. కిందికి దిగి, నా చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నా ఎడమ కాలి వైపు క్రాంక్ (పెడల్‌ను చక్రపు ఇరుసుకు కలిపే కడ్డీ) చివరన ఉన్న మట్టిని బొటనవేలితో రుద్దింది. దాని కింద చిన్నగా చెక్కిన అక్షరం కనబడింది. అది కుడివైపుకు గుర్తుగా వేసే ‘ఆర్’.

“సీటు వెనక్కి తిప్పి బిగించారండీ,” అంది. “ఇన్నాళ్లూ మీరు చక్రాన్ని వెనక్కి తొక్కుతున్నారు.”

విషయం తెలిసినవారికి ఇది చిన్నదే. ముందుకు తొక్కుతున్నప్పుడు పెడల్ తనంతట తాను ఊడిపోకుండా ఉండడానికి ఎడమ పెడల్‌కు మరను, అంటే బిగించే చుట్లను, తిరగేసి కోస్తారు. కుడి పెడల్‌ది మామూలు మర. మామూలు సైకిల్‌కు హ్యాండిల్, గొలుసు ఉంటాయి కాబట్టి ముందేదో వెనకేదో పొరబడే అవకాశం లేదు. యూనిసైకిల్‌లో చాలా ఫ్రేములు రెండు వైపులా ఒకేలా ఉంటాయి. సీటు తిరగబడితే ఎడమ పెడల్ కుడి కాలి కిందకు వస్తుంది, అప్పుడు మనం ముందుకు వేసే ప్రతి తొక్కూ దాన్ని విప్పుతూ పోతుంది. ఆవిడ సీటు తిప్పి బిగించింది గానీ, ఎనిమిది నెలలపాటు వదులవుతూ బిగుస్తూ ఉన్న ఆ క్రాంక్‌లో మర అప్పటికే సగం అరిగిపోయింది. రెండు వారాలకు అది పూర్తిగా పోయింది, క్రాంక్ మార్చవలసి వచ్చింది. అయినా ఆ సాయంత్రం నాకు కలిగిన బాధ క్రాంక్ గురించి కాదు. ఒక్కసారి ఒంగి చూస్తే తెలిసే విషయానికి రెండు వందలకు పైగా ఉదయాలు పోగొట్టుకున్నానన్నదే నా బాధ.

తర్వాత ఎక్కడం సంగతి చూసింది. నా అలవాటు ఏమిటంటే, వెనక పెడల్ మీద పాదం పెట్టి మెట్టెక్కినట్టు బలంగా తొక్కి పైకి లేవడం. అలా తొక్కగానే చక్రం నా మీదికే దొర్లుకుంటూ వచ్చి, ముందు పెడల్ పళ్లు ముంగాలి ఎముకకు తగిలేవి. ఆవిడ సన్నటి చెక్కముక్క ఒకటి టైరు వెనక పెట్టింది. పెడల్‌ను తొక్కవద్దని, దాని మీద పాదాన్ని ఆనించి మాత్రమే ఉంచి, నేల మీద ఉన్న కాలితో పైకీ ముందుకూ గెంతమని చెప్పింది. బరువంతా సీటు మీద వేయమంది, చూపు కింద కాకుండా ఎదుటి గోడ మీద నిలపమంది. ఇవన్నీ నేను వీడియోల్లో విననివి కావు. కానీ వింటున్నప్పుడు నేను చేస్తున్నది కూడా అదేనని అనుకునేవాణ్ణి.

ఆ బృందం పద్ధతి ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఎవరు ఏ పని సాధన చేస్తున్నా ఇరవై ప్రయత్నాలు, అంతే. హాలు అంచున నేల మీద సుద్దముక్కతో గుర్తులు వేసేవారు: కుదిరితే నిలువు గీత, కుదరకపోతే చుక్క. ఇరవై అయ్యాక ఎంత ఉబలాటంగా ఉన్నా ఆపి, మరొకరికి గుర్తులు వేయాలి. మొదటి సాయంత్రం నా వరుసలో ఇరవై చుక్కలు. రెండోసారీ ఇరవై చుక్కలే. నాలుగోసారి మూడు గీతలు పడ్డాయి. నా వరుస పక్కనే వెనక్కి తొక్కడం నేర్చుకుంటున్న ఒక కుర్రవాడి వరుస, దాని పక్కన ఒంటి కాలితో తొక్కుతున్న ఆవిడ వరుస ఉండేవి. ఆవిడ వరుసలో కూడా చుక్కలు ఉండడం చూసిన రోజున నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. బృందం అంటే నా దృష్టిలో ఆ సుద్దగీతలే.

ఇక్కడ వీడియోల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. యూనిసైకిల్‌లో చాలామంది ఈ రోజుల్లో తెర మీద చూసే నేర్చుకుంటున్నారు, అందులో తప్పు లేదు. కానీ అక్కడ కనబడేది కుదిరిన ఆ ఒక్క ప్రయత్నమే. దానికి ముందు పడిన చుక్కలు కత్తిరించి పారేస్తారు. అది చూసినవాడు తనకు మూడోసారికి రాకపోతే తనలోనే లోపం ఉందనుకుని చక్రాన్ని మూలన పెట్టేస్తాడు. పైగా ఈ చక్రానికి ఫ్రీవీల్ ఉండదు; చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగవలసిందే, కాలు ఆగితే చక్రం ఆగవలసిందే. పాదంలో వచ్చే ప్రతి తొట్రుపాటూ నేరుగా నడకలో కనబడుతుంది. దాన్ని పక్కన నిలబడి చూసే కన్ను పట్టుకున్నట్టు మరేదీ పట్టుకోలేదు.

సరే, అలాంటి మనుషులు ఎక్కడ ఉంటారు? నేరుగా యూనిసైకిల్ పేరుతో కాకుండా దాని ఇరుగుపొరుగుల దగ్గర వెతకండి. అన్నిటికంటే ముందు జగ్లింగ్ చేసేవారి దగ్గరికి వెళ్లండి. వారిలో కనీసం ఒకరి దగ్గర చక్రం ఉంటుంది, లేదా ఉన్నవారి సంగతి తెలిసి ఉంటుంది. తర్వాత రాళ్ల మీద, మెట్ల మీద సైకిల్ గెంతించే ట్రయల్స్ వారు, స్కేట్‌బోర్డు వారు. మీలాగే మరొకరు కూడా తానొక్కణ్ణే అనుకుంటూ ఎక్కడో తొక్కుతూ ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను. కొండదారుల్లో యూనిసైకిల్ తొక్కడం మొదలైన తీరే ఇందుకు సాక్ష్యం. అలాస్కాలో జార్జ్ పెక్, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో క్రిస్ హోమ్, 1980ల్లో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒంటి చక్రంతో అడవి బాటలు పట్టారు. ఆ తర్వాత ఇలాంటివారు ఒకరినొకరు కనుక్కున్నాకే అది పోటీలున్న క్రీడ అయింది, గట్టి హబ్‌లు (చక్రం నడుమ ఇరుసు ఉండే భాగాలు), గట్టి క్రాంక్‌లు తయారు చేసేవారు వచ్చారు.

మరొక సంగతి మీరు ముందే తేల్చుకోవాలి. యూనిసైకిల్ అన్నది ఒక్క క్రీడ కాదు. సంగీతానికి తగ్గట్టు నర్తించే ఫ్రీస్టైల్ ఉంది, ట్రాక్ మీద పరుగు పందెం ఉంది, పెట్టెల మీదికి గెంతే ట్రయల్స్ ఉంది, దూర ప్రయాణం ఉంది, జట్టుకు ఐదుగురు ఆడే హాకీ ఉంది. వీటిలో ఏది మీ మనసుకు పట్టిందన్నదాన్ని బట్టే మీకు కావలసిన తోడు మారుతుంది. ట్రాక్ పందెం ప్రధాన విభాగంలో చక్రం వ్యాసం 618 మిల్లీమీటర్లు మించకూడదు, క్రాంక్ 125 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే సరంజామా అందరికీ సమానం, తేడా అంతా కాళ్లదే, కాబట్టి పక్కన పరుగెత్తేవారు లేకపోతే మీ వేగం ఎక్కడ ఆగిందో మీకు తెలియదు. దూర ప్రయాణం వేరు. బ్రిటన్‌కు చెందిన ఎడ్ ప్రాట్ 36 అంగుళాల చక్రం మీద 2015లో బయలుదేరి 2018లో ఇల్లు చేరాడు, భూగోళాన్ని చుట్టి వచ్చాడు. ఆయన ఒంటరిగా సాధించలేదా అని నన్ను చాలామంది అడిగారు. ఆయన ఎంచుకున్న పనికి ఏకాంతం సరిపోతుంది. హాకీ నేర్చుకోవాలనుకునేవారికి ఆ ఉదాహరణ పనికిరాదు.

నన్నడిగితే హాకీ ఉన్న బృందం దొరికితే వదలవద్దు. మీకు హాకీ మీద ఆసక్తి లేకపోయినా సరే. బంతి మీద దృష్టి పెట్టినప్పుడు కాళ్లు తమ పని తాము చేసుకోవడం నేర్చుకుంటాయి. హఠాత్తుగా ఆగడం, ఎడమకు మళ్లడం, ఉన్నచోట ఊగుతూ నిలవడం విడివిడిగా ఆరు నెలల్లో రానివి నాకు ఆటలో ఆరు వారాల్లో వచ్చాయి. ఇది అందరికీ వర్తిస్తుందని నేను ఢంకా బజాయించి చెబుతాను.

కొత్తవారితో కలిసినప్పుడు మీ స్థాయి చెప్పడానికి అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య పెట్టిన మెట్లు చాలా ఉపయోగపడతాయి. 1982లో ఏర్పడిన ఆ సంస్థ పద్ధతిలో పది మెట్లు ఉంటాయి. మొదటి మెట్టుకు ఆధారం లేకుండా ఎక్కి, 50 మీటర్లు తొక్కి, చక్రం ముందుండేలా అందంగా దిగాలి. రెండో మెట్టులో ఏ కాలితోనైనా ఎక్కగలగాలి, 30 సెంటీమీటర్ల ఎడంతో గీసిన రెండు గీతల మధ్య 10 మీటర్లు వెళ్లాలి, మూడు మీటర్లకు మించని వలయాలతో ఎనిమిది అంకె చుట్టాలి. ఎంతకాలంగా తొక్కుతున్నారని అడిగేవారికి నెలలు చెప్పకండి, మెట్టు చెప్పండి. నాకు ఎనిమిది నెలలు నిండినా మొదటి మెట్టు కూడా రాలేదు కదా. వీలు కుదిరితే యూనికాన్ చూడండి. 1984లో అమెరికాలోని సిరక్యూస్‌లో మొదలైన ఈ ప్రపంచ పోటీలు సాధారణంగా రెండేళ్లకొకసారి జరుగుతాయి. 2022లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, 2024లో అమెరికాలోని బెమిడ్జిలో జరిగాయి. వెళ్లలేకపోయినా వాటి పందేల పట్టిక చదివితే ఏ దిక్కుగా సాధన చేయాలో తెలుస్తుంది.

తొక్కడం కన్నా తొక్కడం గురించి మాట్లాడడం ఎక్కువైన బృందాలూ ఉంటాయి. ఫోన్‌లో రెండు వందలమంది, మైదానంలో ఎవరూ ఉండరు. అక్కడ కాలం వృథా చేసుకోకండి. అలాగే ఇది పిల్లల ఆట అని, సర్కస్ పని అని అనేవారితో వాదించడం కూడా దండగ. జపాన్‌లో ఎన్నో ప్రాథమిక పాఠశాలల ఆవరణల్లో యూనిసైకిళ్లు, పట్టుకుని నేర్చుకోవడానికి కమ్మీలు ఉంటాయి. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నేర్చుకుంటారు. పిల్లలకు అంత సులువుగా తోడు దొరికే విద్యకు పెద్దవారు సిగ్గుపడుతూ చీకటితో లేచి ఒంటరిగా తొక్కవలసి రావడం నాకు నిజంగా కష్టం కలిగించే విషయం.

ఎంత వెతికినా ఎవరూ కనబడకపోతే మీరే మొదలుపెట్టండి. వారం, వేళ, చోటు మార్చకండి. వాన వస్తే కప్పు కింద నిలబడైనా ఉండండి. వీలైతే రెండో చక్రం ఒకటి సమకూర్చుకోండి, 20 అంగుళాలది, సీటు ఎత్తు సులువుగా మార్చగలిగేది. చూసి ఆగిపోయేవారిలో పదిమందిలో ఒకరు ఎక్కి చూస్తానంటారు. అప్పుడు వారి చేతికి ఇవ్వడానికి మీ దగ్గర చక్రం ఉండాలి. మణికట్టుకు దెబ్బ తగలకుండా వేసుకునే తొడుగులు కూడా రెండు జతలు ఉంచండి, ఎందుకంటే కొత్తవారు పడేటప్పుడు ముందు ఆనించేది అరచేతులే.

మొదటి రోజు వెళ్లేటప్పుడు సంచిలో సుద్దముక్క, గాలి పంపు, 15 మిల్లీమీటర్ల పెడల్ పానా పెట్టుకోండి. బయలుదేరే ముందు ఒకసారి ఒంగి, మీ ఎడమ కాలి వైపు క్రాంక్ మీద ఏ అక్షరం ఉందో చూసుకోండి.