మూడు ఎండుచేపల లెక్క

అమ్మాయ్,

నీ మెయిల్ వచ్చి పది రోజులైంది, జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. నువ్వు చదివిన పదకొండు పుస్తకాలు, వాటి మీద నీ అభిప్రాయాలు పదకొండు పేరాలు, ఒక్కో పేరా చివర మార్కుల్లా నక్షత్రాలు. దవావోలో మెడిసిన్ చదువుతూ, ఆ పరీక్షల టెన్షన్‌లో ఇన్ని ఎలా చదివావో గానీ నాకు ముందు ఈర్ష్య పుట్టింది, సంతోషం ఆ తర్వాతే. ఇక్కడ మనవాళ్ళకి ఫిలిప్పీన్స్ అనగానే రెండే ప్రశ్నలు, ఫీజు ఎంత, తిరిగొచ్చాక ఇక్కడి పరీక్ష పాసవుతారా అని. ఆ దేశంలో నవలలు కూడా రాస్తారన్న ఆలోచనే ఎవరికీ రాదు. నాకూ నలభై దాటేదాకా రాలేదనుకో.

మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. నీ పదకొండు పేరాల్లో తొమ్మిదింటిని తీసి వేరే పుస్తకాలకి అతికించినా ఎవరూ పట్టుకోలేరు. "హృదయాన్ని కదిలించే రచన", "వలసపాలన క్రూరత్వాన్ని కళ్ళకు కట్టిన నవల", "తప్పక చదవాల్సిన పుస్తకం". ఇవి నువ్వు ఫోన్లో మాట్లాడే మాటలు కావు. నువ్వు ఫోన్లో "ఆ ముసలాడు చచ్చాడని తెలిసి హమ్మయ్య అనుకున్నానండీ" అంటావు, అది బాగుంటుంది. రాయడానికి కూర్చోగానే మాత్రం అట్ట వెనకాల మాటలు వచ్చి కూర్చుంటాయి.

నేనూ తక్కువ తినలేదు. ఇరవై మూడేళ్ళప్పుడు ఒక వారపత్రికకి ఒక నవల మీద సమీక్ష పట్టుకెళ్ళాను. ముందుమాట మొత్తం, మొదటి యాభై పేజీలు, చివరి పది పేజీలు చదివి రాసిన సమీక్ష. ఎడిటర్ గారు ఆసాంతం చదివి, కాగితాలు మడిచి, "బాగుందోయ్, ఇంతకీ ఆ ఇంట్లో కుక్క ఎప్పుడు చచ్చిపోయింది?" అన్నారు. ఆ ఇంట్లో కుక్క ఉందనే నాకు తెలీదు. టీ తాగి వెళ్ళమంటే తాగకుండానే మెట్లు దిగేశాను. నీది అలాంటి దొంగచదువు కాదు. నువ్వు చదివావు, చదివి దాచేశావు, అదే నా బాధ.

'నోలి మె తాంగెరె' సంగతి చూడు. నీ పేరాలో సగం చరిత్ర. హోసె రిజాల్ 1887లో బెర్లిన్‌లో అచ్చు వేయించాడు, డబ్బుల్లేకపోతే స్నేహితుడు అప్పిచ్చాడు, రెండు వేల కాపీలు, 1896 డిసెంబర్ 30న స్పెయిన్ ప్రభుత్వం మనీలాలో కాల్చి చంపింది, అప్పటికి ముప్పై ఐదేళ్ళు. అన్నీ నిజాలే, కానీ ఇవి నీ దగ్గరే దొరకాలా? మీ క్లాసులో ఏ ఫిలిప్పీనో అమ్మాయిని అడిగినా నిద్రలో చెప్తుంది, 1956లో చట్టం చేసి మరీ బళ్ళలో చదివిస్తున్నారు, తొమ్మిదో గ్రేడులో ఈ నవల, పదో గ్రేడులో దీని రెండో భాగం. (పాఠ్యపుస్తకం చేశాక ఏ నవలకైనా పట్టే గతి దీనికీ పట్టింది, చాలామంది పరీక్ష రాసి మర్చిపోతారు. ఒకసారి అడిగి చూడు.) మిగతా సగంలో "సీసా పాత్ర కంటతడి పెట్టిస్తుంది" అని ఒక్క వాక్యం. ఎక్కడ పెట్టించింది? ఏ పేజీలో?

నా సంగతి చెప్తాను. పేరు చూసి మొదట నవ్వొచ్చింది, సీసా ఏమిటి, మూత కూడా ఉందా అని. ఆమెకి ఇద్దరు కొడుకులు, బసీలియో, క్రిస్పిన్, చర్చిలో గంటలు కొట్టే కుర్రాళ్ళు. ఆ రాత్రి ఇంటికొస్తారని వంట చేసి పెట్టుకుంది. చిన్న చేపలు, పెరట్లో టమాటాలు, ఊళ్ళో ఒక పెద్దాయన ఇచ్చిన ఎండబెట్టిన అడవిపంది మాంసం, బాతు కాలు. తను ముట్టలేదు. మధ్యాహ్నం మొగుడొచ్చాడు. కోడిపందేల మనిషి, ఎప్పుడో తప్ప ఇంటి మొహం చూడడు. కూర్చుని దాదాపు అంతా తినేసి, పిల్లల జీతంలో తనకి కొంత ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె ఏడ్చింది, ఏడ్చి మళ్ళీ బియ్యం పొయ్యి మీద పెట్టింది. మిగిలినవి మూడు ఎండుచేపలు. వాటిని కాల్చి లెక్కేసుకుంది, ఒక్కో పిల్లాడికి ఒకటిన్నర.

నేను ఆగింది అక్కడ. తర్వాత ఆమెకి పిచ్చెక్కుతుంది, వీధుల్లో పాడుకుంటూ తిరుగుతుంది, అడవిలో కొడుకుని గుర్తుపట్టిన క్షణాన ప్రాణం పోతుంది, అవన్నీ పెద్ద పెద్ద సీన్లు, నాకు అంతగా పట్టలేదు, కొంచెం నాటకం ఎక్కువైందని కూడా అనిపించింది. కానీ ఆ ఒకటిన్నర చేప! ఆ రాత్రి ఇద్దరిలో ఒక్కడే ఇల్లు చేరతాడు, రెండోవాడి మీద బంగారు నాణేలు దొంగిలించాడని నింద. అంటే ఆమె అంత జాగ్రత్తగా వేసుకున్న లెక్క కూడా తప్పిపోయింది. రిజాల్ కంటి డాక్టరు, నీ లైన్లో మనిషే. పేదరికం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా రోగి కంచంలో ఏముందో చూసి రాసుకున్నట్టు రాశాడు. మీ దగ్గర ఎండుచేపని బులాడ్ అంటారు కదా, పొద్దున్నే ఆ వాసనకి ముక్కు మూసుకుంటానని నువ్వే చెప్పావు. ఆ వాసన తెలిసి కూడా నీ పేరాలో చేప లేదేం?

అదే పేరా చివర ఒక వాక్యం మాత్రం నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. దోన్యా విక్టోరినాని చూస్తే గిరీశం గుర్తొచ్చాడని రాశావు. ఆ నవల్లో ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషే, అయినా పౌడరు పూసుకుని స్పెయిన్ దొరసానిలా తిరుగుతుంది, దొంగ డాక్టరు మొగుడి ఇంటిపేరు తగిలించుకోవడంలో స్పానిష్‌వాళ్ళు పేర్లలో పెట్టే 'దె' ఒకటి చాలదని రెండు 'దె'లు పెట్టుకుంటుంది. దొరల భాషతో దర్జా కొట్టడంలో మన గిరీశానికి అక్కే. రిజాల్ పుట్టింది 1861, గురజాడ 1862. ఒకే కాలంలో, సముద్రానికి ఈ ఒడ్డునొకరు ఆ ఒడ్డునొకరు, ఒకే రకం మనిషిని చూసి నవ్వుకున్నారు. ఈ పోలిక మనీలాలో పెద్ద విమర్శకుడికి కూడా తట్టదు, ఎందుకంటే అతనికి గిరీశం తెలీదు. నువ్వేమో దాన్ని ఆఖర్న బ్రాకెట్లో పెట్టి, "(ఏదో అనిపించింది)" అని క్షమాపణ కూడా చెప్పుకున్నావు! బ్రాకెట్ తీసేసి అక్కడినుంచి మొదలుపెట్టు.

నిక్ వాకీన్ కథకి రెండు నక్షత్రాలే ఇచ్చావు, "వాక్యాలు మరీ పొడుగు, ఊపిరాడలేదు" అని. ఇది నిజాయితీగల మాట, అందుకే సంతోషించాను, కానీ నీతో ఒప్పుకోను. 'మే డే ఈవ్' కథలో ఉన్నదంతా ఒక అద్దం, ఒక అర్ధరాత్రి. 1847లో అగేదా అనే పిల్ల కొవ్వొత్తి పట్టుకుని, కాబోయే మొగుడు కనిపిస్తాడని అద్దం ముందు నిలబడుతుంది, అప్పుడే బదోయ్ అనే కుర్రాడు గదిలోకొచ్చి వెక్కిరిస్తాడు, ఆమె వాడి చెయ్యి కొరుకుతుంది. ఏళ్ళ తర్వాత కూతురికి చెప్తుంది, అద్దంలో దయ్యం కనిపించిందని. ఇంకెన్నో ఏళ్ళకి ముసలి బదోయ్ మనవడికి చెప్తాడు, తనకి మంత్రగత్తె కనిపించిందని. ఇద్దరూ చెప్పేది ఒకరి గురించి ఒకరు, ఆ మధ్యలో గడిచింది ఒక పాడైపోయిన కాపురం, దాని గురించి రచయిత నేరుగా ఏమీ చెప్పడు. ఆ వాక్యాలు ఎందుకంత పొడుగో తెలియాలంటే పైకి చదువు. మెట్ల మీద నవ్వులు, బండ్ల చప్పుడు, గాలి, యవ్వనం అన్నీ ఆగకుండా పరిగెత్తుతుంటాయి, ఫుల్‌స్టాప్ పడితే ఆ రాత్రి ఆగిపోతుంది. చివర్లో ముసలాయన ఏడ్చేటప్పుడు కూడా అదే పరుగు, కానీ ఈసారి అది జ్ఞాపకం. ఊపిరాడకపోవడం అక్కడ రచయిత కావాలని చేసిన పని. అది తెలిశాక కూడా నచ్చకపోతే రెండు నక్షత్రాలే ఉంచు, నేనేమీ అనను.

జీనా అపోస్టోల్ 'ఇన్సరెక్టో' దగ్గర మాత్రం ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం. అధ్యాయాల నంబర్లు వరసలో ఉండవు, నా కాపీ బైండింగు తప్పు పడిందేమో అనుకుని కొట్టుకెళ్ళి మార్చబోయాను, నిజం. ఒక అమెరికన్ సినిమా డైరెక్టరు, ఒక ఫిలిప్పీనో అనువాదకురాలు, ఇద్దరూ 1901లో సమర్ దీవిలోని బలంగిగాలో జరిగిన ఒకే సంఘటన మీద ఎవరి స్క్రిప్టు వాళ్ళు రాసుకుంటారు. ఊరివాళ్ళు అమెరికన్ సైనికుల మీద పడి నలభై ఎనిమిది మందిని చంపారు, దానికి బదులుగా ఒక జనరల్ పదేళ్ళు దాటిన ప్రతివాణ్ణీ చంపమన్నాడు, చర్చి గంటలు పట్టుకుపోయారు. ఆ గంటలు తిరిగొచ్చింది 2018 డిసెంబర్‌లో, ఆ నవల వచ్చిన ఏడాదే. నేను సగంలో రెండుసార్లు వదిలేశాను. మూడోసారి, ఆ అనువాదకురాలి పేరు మగ్సాలిన్ అంటేనే తగలోగ్‌లో 'అనువదించడం' అని తెలిశాక, ఓహో ఈవిడ మనతో ఆడుకుంటోంది అని అర్థమై కొంచెం నవ్వుకుంటూ పూర్తి చేశాను. అయినా తెలివి ఎక్కువై మనుషులు తక్కువయ్యారనే ఇప్పటికీ అనిపిస్తుంది. నువ్వూ సగంలో వదిలేశావు కదా, ఫోన్లో చెప్పావు. మరి పేరాలో "ప్రయోగాత్మక శిల్పం" అని రాసి నాలుగు నక్షత్రాలు ఎవరికి భయపడి ఇచ్చావు? 'ఫలానా చోట వదిలేశాను, ఇందుకు వదిలేశాను' అని రాయి. పాఠకుడు నిన్ను నమ్మడం అక్కడే మొదలవుతుంది.

బతకాన్ డిటెక్టివ్ నవల 'స్మాలర్ అండ్ స్మాలర్ సర్కిల్స్' గురించి నీ మాటే నా మాట, హంతకుడి కంటే మనీలా దగ్గరి పయాతాస్ చెత్తగుట్టే గుర్తుండిపోతుంది. (2000లో ఆ గుట్టే కూలి రెండు వందల మందికి పైగా పోయారు.)

'ద వెజిటేరియన్' పేరాలో "కొరియా సమాజంలో స్త్రీ అణచివేత" అని మొదలుపెట్టావు, నేను అక్కడే ఆవలించాను. మనింట్లో ఒక అమ్మాయి మాంసం మానేస్తే ఏమంటారు? కార్తీకమాసమా, ఏదైనా మొక్కుకున్నావా అంటారు, లేకపోతే మెచ్చుకుంటారు. ఆ నవల్లో కన్నతండ్రి అందరి ముందూ కూతుర్ని కొట్టి నోట్లో మాంసం కుక్కుతాడు. తెలుగింటి నుంచి వెళ్ళి చదివితే ఆ భోజనాల బల్ల దగ్గర మన తల గిర్రున తిరగాలి, మనం పుణ్యం అనుకునేది అక్కడ తిరుగుబాటు ఎలా అయింది అని. అది నువ్వు మాత్రమే రాయగలిగిన పేరా. ఇంకొకటి గమనించావో లేదో, నవల మూడు భాగాల్లో ఒకటి మొగుడి వైపు నుంచి, ఒకటి బావ వైపు నుంచి, ఒకటి అక్క వైపు నుంచి. ఆమెకంటూ మిగిలింది కలలే. రెండో భాగం నాకు మరీ అందంగా అలంకరించినట్టు అనిపించింది, హాన్ కాంగ్‌కి 2024లో నోబెల్ వచ్చాక ఈ మాట పైకి అనడానికి కొంచెం ధైర్యం కావాల్సి వస్తోంది.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఏ పుస్తకం ఏ భాషలో పుట్టిందో నువ్వు ఒక్కచోట కూడా రాయలేదు. కొరియా నవల తప్ప మిగతా అన్నిటినీ "ఫిలిప్పీనో సాహిత్యం" అని ఒకే గంపలో వేశావు. రిజాల్ రాసింది స్పానిష్‌లో, వాకీన్, అపోస్టోల్, బతకాన్ ఇంగ్లిష్‌లో, నీ చుట్టూ దవావోలో జనం మాట్లాడేది బిసాయా, ఇక నీ లిస్టులో లేని 'దెకాదా 70' తగలోగ్‌లో. నువ్వు వార్డుల్లో రోగుల్ని 'ఎక్కడ నొప్పి' అని అడిగే భాషలో రాసిన పుస్తకం నీ లిస్టులో ఒక్కటీ లేదు. తప్పు పట్టడం లేదు, కానీ అది నీకు వింతగా తోచాలి. అనువాదమైతే అనువాదకుల పేరు కూడా రాయి, నేను చదివిన నోలి సొలెదాద్ లాక్సన్-లోక్సిన్ చేసింది, నువ్వు చదివింది వేరే అయితే మన సీసాలు ఇద్దరూ కొంచెం వేరువేరుగా మాట్లాడి ఉంటారు.

'దెకాదా 70' లువల్హతి బౌతిస్తా రాసింది. 1972లో మార్కోస్ సైనిక పాలన పెట్టిన రోజుల్లో ఐదుగురు మగపిల్లల తల్లి, అమాండా, ఇంట్లోంచి చూస్తూ చెప్పే కథ. మనకి ఎమర్జెన్సీ ఇరవై ఒక్క నెలలు, వాళ్ళకి కాగితం మీదే ఎనిమిదేళ్ళు దాటింది. చదవడానికి ముందు ఒక పని చెయ్యి. మీ ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయన్నావు. సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చున్నప్పుడు, ఆ రోజుల్లో కర్ఫ్యూకి ముందు ఇంటికి చేరాలంటే ఏం చేసేవాళ్ళని అడుగు. రాజకీయాలు అడగకు, బస్సు గురించి అడుగు, రాత్రి కూర గురించి అడుగు. ఆవిడ ఏం చెప్పిందో నాకు విడిగా రాసి పంపు, నక్షత్రాలు వద్దు.

సెలవులకి వచ్చేటప్పుడు డ్యూరియన్ మిఠాయి మాత్రం తేకు, పోయినేడు ఎవరో తెచ్చిన డబ్బా వాసన బీరువాని ఇంకా వదల్లేదు. 'దెకాదా' పాత కాపీ దొరికితే తగలోగ్‌దే తీసుకురా. నీకొచ్చిన నాలుగు ముక్కలతో మొదటి పేజీ దగ్గర ఇద్దరం కుస్తీ పడదాం, మీ పిన్ని పెసరట్లు వేస్తానంటోంది.