కొత్త డెంటల్ స్కూలా, పేరున్న స్కూలా: ఆ 88 వేల డాలర్లు ఏ అప్పులో పడతాయి?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడి పౌరురాలు. 2026 ఆగస్టులో డెంటల్ స్కూల్లో చేరాలి. రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి 2023లో మొదలైన స్కూలు. ఫీజు, అద్దె, తిండి, పరికరాలు అన్నీ కలిపి ఏడాదికి 95 వేల డాలర్లు. రెండోది దశాబ్దాలుగా ఉన్నది, ఏడాదికి 1.17 లక్షలు. చదువు కోసం పెట్టే 529 పొదుపు ఖాతాలో 80 వేలు, బ్యాంకులో 40 వేలు దాచాం. మిగతాదంతా అప్పే. కొత్త స్కూలుకి పూర్తి గుర్తింపు ఇంకా రాలేదు, అదొక భయం. అవసరమైతే నా రిటైర్మెంట్ ఖాతా 401కె నుంచి తీద్దామనుకుంటున్నాను. నాకు 54 ఏళ్లు. ఏది మంచిది?

జవాబు: నాలుగేళ్లకు తేడా 88 వేలు అని మీరు లెక్క వేసుకుని ఉంటారు. కానీ ఈ తేడా మొత్తం ప్రైవేట్ అప్పులోనే పడుతుంది. మీ నిర్ణయానికి కీలకం అదే.

2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. అదివరకు స్కూలు చెప్పిన ఖర్చు ఎంతయితే అంత వరకూ ఫెడరల్ ప్రభుత్వమే అప్పిచ్చేది. ఇప్పుడు డెంటల్ వంటి వృత్తి కోర్సులకు ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు, అంతే. ఆ పైన ప్రతి డాలరూ మీ జేబులోంచో, ప్రైవేట్ లోన్‌లోంచో రావాలి. కొత్త స్కూలుకి నాలుగేళ్లకు 3.80 లక్షలు. అందులో ఫెడరల్ 2 లక్షలు, మీ పొదుపు 1.20 లక్షలు పోతే ప్రైవేట్ అప్పు 60 వేలు. పాత స్కూలుకి 4.68 లక్షలు. అదే పొదుపు, అదే ఫెడరల్ అప్పు తీసేస్తే ప్రైవేట్ అప్పు 1.48 లక్షలు.

డబ్బు ఏ వరసలో వాడాలన్న దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. అప్పంటే భయంతో మొదటి ఏడాది పొదుపంతా కట్టేసి, ఫెడరల్ లోన్ తీసుకోవడం తర్వాత చూద్దామనుకుంటారు. ఏడాదికి 50 వేల పరిమితిలో ఈ ఏడాది వాడుకోనిది వచ్చే ఏడాదికి కలవదు. నాలుగేళ్ల కోర్సులో ఒక్క ఏడాది వదిలేసినా ఆ 50 వేలు చివర్లో ప్రైవేట్ అప్పుగా వచ్చి కూర్చుంటాయి. అందుకని ప్రతి ఏటా ఫెడరల్ 50 వేలూ పూర్తిగా తీసుకోండి. పై ఖర్చుకి ముందు పొదుపు వాడండి, అది అయిపోయాకే ప్రైవేట్ లోన్. ఇలా చేస్తే ప్రైవేట్ వడ్డీ ఆలస్యంగా మొదలవుతుంది. ఇంకో సంగతి: చేతికొచ్చేది సరిగ్గా 50 వేలు కాదు. ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ ఫీజు ముందే కోసుకుంటారు.

ఇక వడ్డీ. 2025-26లో గ్రాడ్యుయేట్ విద్యార్థుల ఫెడరల్ లోన్ రేటు 7.94 శాతం. ఏటా జులైలో కొత్త రేటు వస్తుంది, కానీ తీసుకున్న లోన్‌కి ఆ ఏటి రేటే చివరిదాకా ఉంటుంది. లెక్క కోసం అన్నేళ్లూ 7.94 అనుకుందాం. చదువుకుంటున్నప్పుడూ వడ్డీ పడుతూనే ఉంటుంది. కాబట్టి 2 లక్షల అప్పు, డిగ్రీ అయ్యాక ఇచ్చే ఆరు నెలల గడువు కూడా దాటేసరికి సుమారు 2.48 లక్షలవుతుంది. ఈ భాగం రెండు స్కూళ్లకీ సమానమే. పాతికేళ్ల వాయిదాలైతే నెలకి దాదాపు 1,900 డాలర్లు.

ప్రైవేట్ అప్పుకి 9.5 శాతం అనుకుని చూడండి. మీ క్రెడిట్‌ని బట్టి ఇది అటూ ఇటూ కావచ్చు. కొత్త స్కూలు 60 వేలు వాయిదాలు మొదలయ్యేనాటికి 70 వేలవుతుంది. పాత స్కూలు 1.48 లక్షలు 1.78 లక్షలవుతుంది. అంటే మీరనుకున్న 88 వేల తేడా అప్పటికి 1.08 లక్షలు. పదేళ్ల వాయిదా అయితే ఒకదానికి నెలకి 900, రెండోదానికి 2,300. ఫెడరల్ వాయిదా కూడా కలిపితే 2,800కీ 4,200కీ మధ్య ఎంచుకోవడమన్నమాట. నేను ఫీజులు పెరగవనుకుని లెక్క వేశాను. అవి పెరుగుతాయి, పెరిగిందంతా పడేది కూడా ప్రైవేట్ అప్పులోనే.

రెండు అప్పుల స్వభావమూ ఒకటి కాదు. ఫెడరల్ అప్పుకి ర్యాప్ అనే ఆదాయ ఆధారిత పద్ధతి ఉంది. ఆదాయం లక్ష దాటితే అందులో 10 శాతం కట్టాలి. మొదటి ఉద్యోగంలో 1.60 లక్షలు వస్తాయనుకుంటే నెలకి 1,333. ఆ నెల వడ్డీ 1,640 దాకా ఉన్నా, కట్టగా మిగిలిన వడ్డీని మాఫీ చేస్తారు, అసలు మీద పేరుకోదు. లాభాపేక్ష లేని సామాజిక వైద్యశాలలో ఉద్యోగం చేస్తూ 120 వాయిదాలు కడితే, పీఎస్‌ఎల్‌ఎఫ్ అనే ప్రజాసేవ అప్పు మాఫీ పథకం కింద మిగిలింది రద్దయ్యే దారీ ఉంది. ప్రైవేట్ అప్పుకి ఇవేవీ వర్తించవు. ఉద్యోగం ఆలస్యమైనా, కాన్పు సెలవులో ఉన్నా వాయిదా వాయిదాయే. పైగా దానికి కో-సైనర్, అంటే హామీ సంతకం పెట్టేది, మీరే అవుతారు. ఆమె డిగ్రీ 2030లో. అప్పటికి మీకు 58. పదేళ్ల వాయిదా అంటే 68 దాకా ఆ అప్పు మీ క్రెడిట్ మీద ఉంటుంది.

ఇప్పటిదాకా లెక్క కొత్త స్కూలు వైపే ఉంది. కానీ దాన్ని మొత్తం తారుమారు చేయగలిగినది ఒకటుంది: డిగ్రీ ఆలస్యం కావడం. ఒక్క సెమిస్టర్ ఎక్కువ పడితే ఖర్చు 47,500. ఫెడరల్ పరిమితి అప్పటికే నిండిపోయి ఉంటుంది కాబట్టి అదీ ప్రైవేటే. ఆరు నెలల జీతం, పన్నుకి ముందు 80 వేలు, పోతుంది. మీరు మిగిల్చుకున్న 1.08 లక్షలు అక్కడే హరించుకుపోతాయి.

డెంటల్ విద్యార్థికి ఆలస్యమయ్యేది సాధారణంగా తరగతి గదిలో కాదు, క్లినిక్‌లో. ఇన్ని క్రౌన్లు, ఇన్ని రూట్ కెనాల్‌లు, ఇన్ని డెంచర్లు (కట్టుడు పళ్లు) సొంతంగా పూర్తిచేయాలని స్కూలు పెట్టుకున్న లెక్క ఉంటుంది. కొత్త స్కూలుకి రోగులు ఇంకా అలవాటు పడి ఉండరు. ఫిల్లింగులకి జనం వస్తారు, పూర్తి డెంచర్ అవసరమయ్యే పేషెంటు దొరకడమే కష్టం. పాత స్కూల్లో రోగులకు కొదవుండదు, కానీ అక్కడ రెసిడెన్సీ అనే స్పెషాలిటీ శిక్షణలో ఉన్న పీజీ రెసిడెంట్లుంటే కష్టమైన దవడ పళ్ల రూట్ కెనాల్‌లు వాళ్లకే వెళ్లిపోతుంటాయి. ఈ విషయంలో పాత స్కూలు తప్పక మెరుగని అనుకోవద్దు.

కొత్త స్కూలు మొదటి బ్యాచ్ ఇప్పుడు మూడో ఏడాదిలో ఉంటుంది. వాళ్లు క్లినిక్ కేసుల్లో సగటున ఎంత శాతం పూర్తిచేశారో అడ్మిషన్ ఆఫీసుని ఈమెయిల్‌లో అడగండి. మూడు, నాలుగేళ్ల విద్యార్థులందరికీ కలిపి ఎన్ని కుర్చీలున్నాయి, పూర్తికాలపు అధ్యాపకులు ఎందరు, లైసెన్సుకి అవసరమైన ఐఎన్‌బీడీఈ అనే జాతీయ పరీక్ష రాసినవాళ్లలో మొదటిసారే ఎందరు గట్టెక్కారు అని కూడా. అంకెలతో జవాబిస్తే మంచి గుర్తు. “మా విద్యార్థులు చాలా బాగా చేస్తున్నారు” అని మాత్రమే రాస్తే నేనైతే జాగ్రత్తపడతాను. నాలుగో ఏడాది విద్యార్థుల్ని దూరపు ఊళ్ల క్లినిక్‌లకు పంపుతారేమో కూడా కనుక్కోండి. పంపితే ప్రయాణం, రెండో అద్దె ఎవరివి? 95 వేలలో అవి ఉండకపోవచ్చు. స్కాలర్‌షిప్ ఏమైనా ఇస్తుంటే అది మొదటి ఏడాదికేనా, నాలుగేళ్లకా, ఎన్ని మార్కులు నిలుపుకోవాలి అన్నది కాగితం మీద ఉండాలి.

గుర్తింపు గురించి మీ భయం సహజమే, కానీ అనుకున్నంత పెద్దది కాదు. దంత విద్యకి గుర్తింపునిచ్చే కోడా కొత్త స్కూళ్లకి, మొదటి బ్యాచ్ బయటికొచ్చేదాకా, ‘ప్రారంభ గుర్తింపు’ ఇస్తుంది. అది కూడా చెల్లుబాటయ్యే గుర్తింపే. ఆ స్థితి ఇప్పుడేమిటో కోడా జాబితాలో మీరే చూడండి. మొదటి బ్యాచ్ 2027లో వెళ్తుంది. కాబట్టి మీ అమ్మాయి మొదటి ఏడాది ముగిసే సరికి తర్వాతి నిర్ణయం తెలిసే అవకాశముంది.

ఆమెకి ఏ స్పెషాలిటీ మీద మనసుందో మీరు రాయలేదు. జనరల్ డెంటిస్ట్‌గా పనిచేయాలనుకుంటే, క్లినిక్ జవాబులు బాగుంటే, కొత్త స్కూలే తీసుకోమంటాను. స్కూలు ఏదైనా లైసెన్సు ఒకటే. ఓరల్ సర్జరీ మీద గట్టి పట్టుదల ఉంటే పాత స్కూలుకి కొంత బలముంది. ఐఎన్‌బీడీఈలో పాస్, ఫెయిల్ తప్ప మార్కులు లేవు కాబట్టి రెసిడెన్సీకి క్లాసు ర్యాంకు, పరిశోధన, తెలిసిన ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు పనికొస్తాయి. ఓరల్ సర్జరీ రెసిడెంట్లకు ఎక్కువచోట్ల జీతం ఉంటుంది, కాబట్టి భారం కొంత మోయవచ్చు. పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిక్స్ వేరు. చాలా ప్రోగ్రాముల్లో రెసిడెన్సీకీ ఫీజు కట్టాలి, ఫెడరల్ 2 లక్షలు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఆ కలకి ఖరీదైన స్కూలు సాయం కంటే అడ్డే ఎక్కువ కావచ్చు.

401కె ముట్టుకోకండి. 59న్నర ఏళ్లకు ముందు తీస్తే ఆదాయపు పన్నుతో పాటు, తీసిన మొత్తం మీద మామూలుగా 10 శాతం జరిమానా, పిల్లల చదువుకని దానికి మినహాయింపు లేదు. 529 డబ్బు మాత్రం ఫీజుకీ, స్కూలు తప్పనిసరి చేసిన పరికరాలకీ, స్కూలు లెక్కలో చూపిన అద్దె, తిండికీ పన్ను లేకుండా వాడుకోవచ్చు. బ్యాంకులోని 40 వేలు మీ ఇంటి అత్యవసర నిధి కూడా అదేనైతే 15 వేలు అక్కడే ఉంచి, ప్రైవేట్ అప్పు ఆ మేరకు పెంచుకోండి. ప్రైవేట్ లోన్ కుదుర్చుకునేటప్పుడు ఎన్ని వాయిదాల తర్వాత కో-సైనర్‌ని తప్పిస్తారో, రెసిడెన్సీలో వాయిదాలు ఆపుతారో లేదో ఒప్పందంలో చదవండి.

పాత స్కూలుకి ఇప్పటికే డిపాజిట్ కట్టి ఉంటే, అది తిరిగి రాకపోయినా సరే, ఆ మొత్తాన్ని ఈ లెక్కలోకి తేవద్దు. సీటు ఖాయం చేసుకునే గడువుకి వారం ముందే అడ్మిషన్ ఆఫీసుకి ఆ ఈమెయిల్ పంపండి, వచ్చిన జవాబు మీ అమ్మాయితో కలిసి చదవండి.