చూసేవారు ఉన్నారు, కొనేవారు ఏరి?

చిన్న వ్యాపారం – చేతిలో ఫోను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అత్తగారూ నేనూ ఇంట్లోనే కలంకారీ చీరలు, దుపట్టాలు వేస్తాము. ఇంతకాలం తిరుపతి దుకాణాలవారికీ, ఎగ్జిబిషన్లకు వెళ్లేవారికీ ఇస్తూ వచ్చాము. కిందటేడు మా అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచాడు. ఫొటో పెట్టినప్పుడల్లా లైకులు బాగానే వస్తున్నాయి, ధర అడిగేవారూ ఉన్నారు, కానీ ధర చెప్పగానే మళ్లీ పలకడం లేదు. నెలనెలా కొంత సొమ్ము ఇస్తే ఫాలోవర్లను పెంచి ప్రకటనలు కూడా నడిపిస్తామని ఒకరు అంటున్నారు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీ పేజీని చూసేవారికి కొదవ లేదని మీ ఉత్తరమే చెబుతోంది. ధర విన్న తర్వాత వెనుదిరుగుతున్నారంటే, ఆ ధర ఎందుకో వారికి తెలియలేదన్నమాట. బజారులో కొన్ని వందల రూపాయలకు దొరికే స్క్రీన్ ప్రింటు చీరను కూడా కలంకారీ అనే పేరుతోనే అమ్ముతున్నారు, అరచేతి వెడల్పు తెర మీద దానికీ మీ చీరకూ తేడా ఎంత చూసినా దొరకదు. ఈ స్థితిలో డబ్బు పోసి మరికొన్ని వేలమందికి అదే ఫొటో చూపిస్తే, ఆ వేలమందీ అదే సందేహంతో ఆగిపోతారు.

కాబట్టి పూర్తయిన చీర కంటే ముందు అది తయారయ్యే తీరును చూపించండి. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డను తడిపి ఆరవేయడం, వెదురు పుల్లకు దారం చుట్టి కలం కట్టడం, ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నల్లరంగుతో గీత వేయడం, పటిక పూసిన చోట ఎరుపు పట్టడం, పారే నీటిలో గుడ్డను జాడించడం మీకు నిత్యకృత్యాలు గనుక చూపించదగినవిగా తోచి ఉండవు. కొనాలనుకునే ఆవిడకు మాత్రం ఆ ధరకు అవే సమాధానం. ఒక్కొక్క పనినీ నిమిషం లోపు వీడియోగా తీసి, వెనుక సినిమా పాట బదులు మీ అత్తగారి మాటలనే ఉంచండి. ఇప్పుడు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ఆవిడ తన ధోరణిలో చెబితే చాలు. చీర కట్టుకుని పాటకు అనుగుణంగా నడిచే వీడియోలతో చేతిపని అమ్ముడవుతుందంటే నాకు అంతగా నమ్మకం లేదు; వాటికి లైకులు వస్తాయి, ఆ లైకులు మీకు ఇప్పటికే వస్తున్నాయి. అయితే కొత్తగా కూర్చిన బొమ్మ పూర్తి నమూనాను, గీతలన్నీ స్పష్టంగా కనిపించేలా, చీర అమ్ముడుపోకముందే పెట్టకండి. దానిని ప్రింటుకు ఎక్కించేవారు కూడా ఆ పేజీలే చూస్తుంటారు.

శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు చట్టం ఇచ్చే జీఐ గుర్తింపు) ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ గుర్తింపు ఊరి పనికంతటికీ చెందినదైనా, దానిని తమ సరుకు మీద వాడుకోవాలంటే పనివారు విడిగా అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఆ నమోదు చేసే రిజిస్ట్రీ కార్యాలయం ఉన్నది మీకు పొరుగునున్న చెన్నైలోనే. నమోదు పూర్తయితే పేజీలోనూ, చీరతోపాటు పంపే చీటీ మీదా ఆ మాట రాసుకోవచ్చు. నా దృష్టిలో దానికి పెట్టే ఖర్చు ఫాలోవర్లకు పెట్టే ఖర్చు కంటే మేలు.

ఇక ఫొటోల విషయం. పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని వసారాలో తీయండి. రంగులు మెరిసేలా ఫోను చేసే దిద్దుబాట్లను వాడవద్దు, ఎందుకంటే సహజ రంగుల చీర ఫొటోలో ఒకలా, చేతికి అందాక మరొకలా ఉంటే అది తిరిగి మీ ఇంటికే వస్తుంది. పల్లూ, అంచు, గీత దగ్గరగా కనిపించే భాగం వేర్వేరుగా ఉండాలి. ధరను ఫొటో కిందనే రాయండి. 'ధర కోసం మెసేజ్ చేయండి' అనే పద్ధతి వల్ల అడగడానికి మొహమాటపడేవారు పోతారు, బేరానికి మాత్రమే వచ్చేవారు మిగులుతారు. చీర సిద్ధంగా ఉందో, చెప్పి వేయించుకోవలసినదో, అలాగైతే ఎన్ని వారాలు పడుతుందో కూడా అక్కడే ఉండాలి.

ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఒక్కదాని మీదే ఆధారపడటం కూడా క్షేమం కాదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అందులో లక్షలమంది అభిమానులను కూడగట్టుకున్నవారు సైతం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. కొన్నవారి ఫోను నంబర్లు మాత్రం ఏ యాప్ మూతపడినా మీ దగ్గరే ఉంటాయి. వ్యాపారానికి వేరే నంబరు తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఇది 2018 నుంచి అందుబాటులో ఉన్న ఉచిత యాప్. అందులోని క్యాటలాగ్‌లో ప్రతి చీరనూ ఫొటో, ధర, వివరంతో పెట్టవచ్చు. మీరు రంగుల పనిలో ఉండి ఫోను ముట్టుకోలేని గంటల్లో 'సాయంత్రం ఆరు తర్వాత జవాబు ఇస్తాము' అని దానంతట అదే వెళ్లే సందేశాన్నీ అమర్చుకోవచ్చు. కొత్త చీర వచ్చినప్పుడు బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా ఒక్కసారి పంపితే 256 మంది వరకూ ఎవరికి వారికే విడిగా చేరుతుంది, అయితే మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే. అందుకే చీర అమ్మిన రోజునే మీ నంబరు దాచుకోమని అడగండి. అడగకుండా ఎవరినీ గ్రూపులో చేర్చవద్దు. అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, విసిగినవారు మీమీద ఫిర్యాదు చేస్తే మీ నంబరే ఆగిపోవచ్చు.

ఇవన్నీ కుదిరాక ప్రకటన వేయాలనిపిస్తే మీ అబ్బాయే వేయగలడు. చిన్న మొత్తంతో, ఫలానా నగరాలవారికే కనిపించేలా, నొక్కితే నేరుగా మీ వాట్సాప్‌కు వచ్చేలా పెట్టే వీలుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందని లెక్కలో ఉంచుకోండి. ఎవరికైనా పని అప్పగించినా పేజీకి జతచేసిన ఫోను నంబరు, ఈమెయిలు, పాస్‌వర్డు మీ ఇంటివే అయి ఉండాలి. కొనుక్కున్న ఫాలోవర్లు చాలావరకు మనుషులే కారు, వారు చీరలు కట్టరు.

ప్రశ్న: వేసవిలో ఇంట్లోనే మామిడి తాండ్ర చేసి అమ్ముతాను. వాట్సాప్‌లో అడిగినవారికి కొరియర్ చేస్తున్నాను. మొన్న ఒకాయన సైన్యంలో అధికారినని చెప్పి, ఇరవై కిలోలు కావాలన్నారు. డబ్బు పంపుతానంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారు. భయమేసి మానేశాను. నేను మంచి గిరాకీ పోగొట్టుకున్నానా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు, మీ డబ్బు మిగిలింది. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే. పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, ఎదుటివారి కోడ్ స్కాన్ చేయనూ అక్కరలేదు. మీ కోడ్‌ను వారికి పంపడం వరకే మీ పని. సైన్యం పేరు చెప్పి పెద్ద ఆర్డరు ఇవ్వడం ఈ మోసగాళ్లకు బాగా అలవాటైన ఎత్తుగడ. అలాగే డబ్బు పంపినట్టు వచ్చే స్క్రీన్‌షాట్‌ను చూసి సరుకు కట్టవద్దు, మీ ఖాతాలో జమ అయిందో లేదో మీ యాప్‌లో చూసుకున్నాకే కొరియర్‌కు ఇవ్వండి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయాలి, ఎందుకంటే ఆ సొమ్ము ఇంకో ఖాతాకు మళ్లేలోపు చెబితేనే దానిని ఆపే అవకాశం ఎక్కువ.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. తినే వస్తువును ఇంట్లో చేసి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వద్ద నమోదు తప్పనిసరి. చిన్న వ్యాపారులకు దాని రుసుము స్వల్పమే, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. వచ్చిన 14 అంకెల నంబరును పొట్లం మీద, తయారైన తేదీ, బరువులతోపాటు వేసి, ఆ పొట్లాన్నే ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టండి. ముఖం తెలియని ఊరివారు మీ తాండ్రను కొనేముందు చూసేది ఆ చీటీనే.

ప్రశ్న: అలిపిరి వెళ్లే దారిలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. గూగుల్ మ్యాప్‌లో మా పక్క హోటళ్లు కనిపిస్తున్నాయి, మాది కనిపించదు. గూగుల్ నుంచి అని చెప్పి ఒకరు ఫోను చేసి, డబ్బు కడితే చేరుస్తామన్నారు. కట్టవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కట్టకండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. మీ ఫోనులోనే దుకాణం పేరు, రకం, చోటు నమోదు చేసి, బోర్డు, వంటగది, వీధి కనిపించేలా వీడియో తీసి పంపమంటే పంపితే సాధారణంగా ధ్రువీకరణ పూర్తవుతుంది. మీకు వచ్చేవారిలో ఎక్కువమంది ఊరికి కొత్తవారైన యాత్రికులు గనుక, మీ వ్యాపారానికి ఇన్‌స్టాగ్రామ్ కంటే మ్యాపే ముఖ్యం. తెల్లవారుజామున కొండకు నడిచి వెళ్లేవారు ఆ వేళకు ఏది తెరిచి ఉందోనని వెతుకుతారు, కాబట్టి తెరిచే వేళను సరిగా రాసి, పండగ రోజున మూసివేస్తే ఆ సంగతి కూడా ముందురోజే మార్చండి. ధరలు కనిపించేలా మెనూ బోర్డును ఫొటో తీసి పెట్టండి. వచ్చేవారిలో తమిళులు, కన్నడిగులు, హిందీవారు ఉంటారు గనుక అంకెలు పెద్దవిగా, పదార్థాల ఫొటోలతో సహా ఉంటే భాష అడ్డురాదు. ఎవరైనా సాంబారు బాగాలేదని రాస్తే వాదించకుండా రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబు ఇవ్వండి, బంధువుల చేత మాత్రం పొగడ్తలు రాయించకండి. గూగుల్ వాటిని గుర్తిస్తే తీసేస్తుంది.